మిరప కల్లం పక్కన మా అత్త ఊదిన బుడగలు

మా మేనత్త పోయింది. మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చిన మనిషి మళ్లీ లేవలేదట. సత్తెనపల్లి దగ్గర మా ఊరి నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, అత్త లేదే," అన్నాడు. ఆ వెంటనే, "పిల్లలొచ్చి వాకిట్లో నిలబడ్డారు. ఏం చెప్పమంటావ్?" అన్నాడు. బ్రాడీపేటలో స్కూటర్ పక్కకి ఆపి, నడిరోడ్డు మీదే ఏడ్చాను. ఎవరు చూస్తే నాకేం?

పోయినవాళ్ల గురించి "ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు" అని రాస్తుంటారు. మా అత్త అందరినీ అంది. మా నాన్నని మరీ అంది. కాపురం సరిపడక తన పెట్టె తనే మోసుకుని పుట్టింటికి వచ్చేసిన మనిషి. "ఎందుకొచ్చేశావ్?" అని ఆరా తీసినవాళ్లకి "మీ ఇంటికి రాలేదుగా" అని చెప్పేది. అలాంటి మనిషిని సాధువుని చేసి రాయడం నా వల్ల కాదు.

ఆ పిల్లలెవరో చెప్పాలి. ఏటా మిరప కోతలకి కర్నూలు వైపు నుంచి కూలీలు పిల్లాపాపలతో దిగుతారు. పెద్దవాళ్లు చేలో కాయ కోస్తుంటే, ఏడెనిమిదేళ్ల పిల్లలు మా కల్లం అంచున కూర్చుని తెల్లబారిన తాలుకాయలు ఏరుతుంటారు. ఘాటుకి ఒకటే తుమ్ములు, దగ్గులు. ఊళ్లో ఎవరికీ అందులో వింత కనపడేది కాదు. కొన్నేళ్ల కిందట ఒక సాయంత్రం మా అత్త గిన్నె పట్టుకుని వెళ్లి, "లేవండ్రా, బుడగలూదుదాం" అని వాళ్లని లేపింది.

గిన్నెలో ఉన్నది కుంకుడు రసం, అరిగిపోయిన సబ్బు ముక్కలు, బుడగ సాగడానికి కాస్త తుమ్మబంక నానిన నీళ్లు. ఊదడానికి బొప్పాయి ఆకు కాడలు. నురుగంతా చేత్తో తీసి పారేసేది. "నురుగు చూసి మురవకండ్రా, బుడగ అడుగు నీళ్లలో ఉంటుంది" అనేది.

మొదటిరోజే పెద్ద గోలైంది. కాయ ఏరిన చేతులతోనే పిల్లలు కాడలు పట్టుకుని నోట్లో పెట్టుకున్నారు. పెదాలు భగ్గుమన్నాయి. అదే చేత్తో కళ్లు నులుముకున్నారు. ఏడుపులు ఊరవతలికి వినిపించాయి. "చూశావా అక్కా? బుద్ధిగా పని చేసుకునేవాళ్లని ఏడిపించావ్," అన్నాడు నాన్న.

మర్నాడు మా అత్త కుండెడు మజ్జిగతో కల్లం దగ్గర నిలబడింది. "చేతులు!" అని గద్దించింది. ముందు మజ్జిగలో, తర్వాత సబ్బునీళ్లలో. చేతులు వాసన చూసి మరీ కాడ ఇచ్చేది. నాన్నకి ఒళ్లు మండింది.

"తాగే మజ్జిగ నేలపాలు చేస్తావా? టప్పున పగిలిపోయే బుడగల కోసం?"

"మళ్లీ ఆకలేస్తుందని నువ్వు అన్నం తినడం మానేశావేంట్రా?"

కూలీలని తెచ్చిన మేస్త్రీ పిల్లల్ని మళ్లీ తాలు ఏరడానికి కూర్చోబెట్టాడు. అయితే సరేనని మా అత్త కూడా వాళ్ల పక్కనే చతికిలబడి ఏరడం మొదలుపెట్టింది. "నీ అక్క కూలికొచ్చిందని ఊరంతా చూసిపోతుందిలేరా," అంది నాన్నతో. దారినపోయేవాళ్లు నిజంగానే ఆగి చూడసాగారు. "లే అక్కా, నీకు దణ్ణం పెడతా," అన్నాడు నాన్న. ఆ రోజు నుంచి మా కల్లంలో సాయంత్రం ఎండ చల్లబడ్డాక పిల్లలెవరూ తాలు ముట్టుకోకూడదు. అది ఆటవేళ. మా అత్త పోట్లాడి గెలుచుకున్నది అదొక్కటే, అది మాత్రం ఎవరికీ వదల్లేదు.

దహనం అయిన మర్నాడు సాయంత్రం కల్లం వైపు వెళ్లాను. పిల్లలందరూ తలలు వంచుకుని తాలు ఏరుతున్నారు.

"ఇదేంటి?" అన్నాను.

"పెద్దమ్మగారు లేరు గదండీ. ఇంకా ఆటేంటని కూర్చోబెట్టా," అన్నాడు మేస్త్రీ.

నా ఒంట్లో రక్తం మరిగింది. ఒక్కరోజు! ఒక్కరోజు కూడా ఆగలేకపోయారు. ఇంట్లోకొచ్చి కుంకుళ్లు కొట్టాను. బాబాయి గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"చావింట్లో బుడగలేంటే? నలుగురూ ఏమనుకుంటారు?"

"అనుకోనీ బాబాయ్. ఏడవడానికి మీ పర్మిషన్ అడిగానా? దీనికీ అడగను."

గిన్నె, మజ్జిగ కల్లం దగ్గర దించి "చేతులు!" అని అరిచాను. పిల్లలు మేస్త్రీని చూశారు, మేస్త్రీ నాన్నని చూశాడు. నాన్న కల్లం పక్కన వేసుకున్న కుర్చీలోంచి లేవలేదు. తువ్వాలుతో కళ్లు తుడుచుకుని, "మా అక్కనే ఆపలేకపోయా, దీన్నేం ఆపుతా?" అన్నాడు.

పిల్లలు పరిగెత్తుకొచ్చారు.

అప్పుడే కోత ముగించుకొచ్చి కాయ పోగు చేస్తున్న ఒక కూలీ తల్లి నడుం మీద చెయ్యేసుకుని లేచింది. ఇన్నేళ్లలో ఆమె తలెత్తి మాట్లాడగా నేను చూడలేదు. తిన్నగా వచ్చి, ఎవరూ అడక్కుండానే మజ్జిగలో చేతులు ముంచింది.

"నాకూ ఒకటి ఇయ్యక్కా. ఎట్లుంటాదో చూస్తా."

"పని వదిలేసి ఏందమ్మా నువ్వు కూడా?" అని మేస్త్రీ కేకేశాడు. ఆమె అటు తిరగనైనా లేదు. కాడ నోట పెట్టి మెల్లగా ఊదింది. బుడగ పెరిగింది, ఊగింది, కాడ వదిలి లేచింది. వెనక పోగుల దగ్గర ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. ఆ బుడగ కల్లం దాటి, పత్తి కట్టెల మోపుల మీదుగా రోడ్డు వైపు పోయి కనపడకుండా అయ్యేదాకా ఏ ఒక్కరూ మళ్లీ కూర్చోలేదు.