రత్నం పంతులయ్యను తరలించిన రోజు

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఒక జూన్ నెలలో, నెల్లూరు జిల్లా తీరంలోని ఒక మండలానికి నన్ను తహసీల్దారుగా వేశారు. అంతకుముందు నేను పనిచేసినవన్నీ మెట్ట మండలాలు. సముద్రం ఒడ్డున ఉద్యోగమంటే సాయంత్రాలు చల్లగాలి తగులుతుందని మా ఆవిడ సంతోషించింది. ఆ గాలి సంగతి నవంబరులో తెలిసింది.

తుపాను వస్తోందంటే రెవెన్యూ శాఖలో పని ఒక వరసలో జరుగుతుంది. కలెక్టరు గారు సెట్ కాన్ఫరెన్స్ పెడతారు, అంటే వైర్‌లెస్ సెట్లో తహసీల్దార్లందరితో ఒకేసారి మాట్లాడతారు. లోతట్టు ఊళ్లలో వీఆర్వోలు దండోరా వేయిస్తారు. జనాన్ని తుపాను షెల్టరుకు చేర్చి, వంటలు మొదలుపెట్టించి, ‘తరలింపు పూర్తి’ అని పైకి చెప్పాలి. ఆ మాట చెప్పేదాకా తహసీల్దారుకు అన్నం దిగదు. ఒక్క ప్రాణం పోయినా సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది అతనే. నాది అసలే కంగారు స్వభావం. మబ్బు లేని రోజున కూడా గొడుగు పట్టుకుని ఆఫీసుకు వెళ్లేవాణ్ణి.

ఆ నవంబరులో వచ్చిన తుపాను సాయంత్రానికి మా మండలం దగ్గరే తీరం దాటుతుందన్నారు. పొద్దున్నే లోతట్టు ఊళ్లన్నీ కదిలాయి, ఒక్క పాలెం తప్ప. అది ఏరు సముద్రంలో కలిసే చోటుకు ఆనుకుని ఉన్న చిన్న క్రైస్తవ పాలెం. ఉప్పెన వస్తే ముందు మునిగేది అదే. వీఆర్వో ఫోన్ చేసి, “వాళ్లు రామంటుండారు సార్. నిన్న పంతులయ్య పోయినాడంట” అన్నాడు.

ఈ పల్లెల్లో పంతులయ్య అంటే పగలు పిల్లలకు పాఠం, సాయంత్రం పెద్దలకు వాక్యం చెప్పే మనిషి. పాస్టరు గారు పట్నం నుంచి ఎప్పుడో ఒకసారి వస్తారు. పంతులయ్య ఊళ్లోనే ఉంటాడు. రత్నం పంతులయ్య సంగం వైపు వరి పల్లె నుంచి కుర్రవాడిగా వచ్చి, ఆ ఇసుకలోనే ముసలివాడయ్యాడు. బడి మూతపడ్డా ఊరు వదల్లేదు.

నేను జీపులో వెళ్లేసరికి పాలెం మొత్తం ప్రార్థన గుడి ముందు పందిట్లో, శవపేటిక చుట్టూ కూర్చుని ఉంది. నేను నెల్లూరు సాయిబుల ఇంట్లో పుట్టినవాణ్ణి. మా ఇళ్లలో ప్రాణం పోయాక ఖననానికి ఎంత తొందరపడితే అంత మంచిదనుకుంటాం. నిన్న పోయిన మనిషిని ఇంకా పెట్టెలో పెట్టుకుని కూర్చోవడం నాకు వట్టి మొండితనంగా కనిపించింది. ఆ మాటే అనేశాను కూడా.

సంఘపెద్ద ఏసోబు నాకు ఓపిగ్గా చెప్పాడు. పాస్టరు గారు వచ్చి ఆరాధన చేయాలి. మూత వేసే ముందు పోయినవాడి జీవిత చరిత్ర చదవాలి. అతనివల్ల మేలు పొందినవాళ్లు ఒక్కొక్కరే లేచి సాక్ష్యం చెప్పాలి. ఆ తర్వాతే భూస్థాపన. “మా చావులన్నిట్లో నిలబడి నాలుగు మాటలు చెప్పింది ఆయనే సార్. ఆయనకి ఎవురూ ఏమీ చెప్పకుండా పూడ్చేదా?” అన్నాడు.

పాస్టరు గారికి ఫోన్ చేయించాను. దారిలో చప్టా మీద నీళ్లు పారుతున్నాయి, ఆయన అవతలే నిలిచిపోయారు. మీరే ప్రార్థన చేసి కానివ్వండి అన్నాను. ఇష్టం లేకపోయినా ఒప్పుకుని సమాధుల తోటలో గుంట తవ్వడం మొదలుపెట్టారు. మోకాలి లోతు వెళ్లేసరికి అడుగున నీళ్లు ఊరాయి. తోడేకొద్దీ ఊరుతున్నాయి. ఏసోబు పార పక్కన పడేసి గట్టెక్కాడు. “నీళ్లలో దించలేం సార్. ఉప్పెనొస్తే పెట్టె పైకి తేలొస్తాది” అన్నాడు.

పందిట్లోకి తిరిగొచ్చి, అయితే గుడిలో పెట్టి తాళం వేసి రండి అన్నాను. పెట్టె పక్కన కూర్చున్న ఒక ముసలమ్మ తలెత్తి, “మీ నాయన్నయితే అట్టా వదిలేసి వస్తారా సార్?” అంది. నాకు కోపం వచ్చింది. పోలీసుల్ని పిలుస్తానని అరిచాను. గాలిలో నా గొంతు నాకే వినపడలేదు. అటు జీపులోని సెట్లో కంట్రోల్ రూమ్ వాళ్లు మండలం పేరు పెట్టి పిలుస్తున్నారు, మీది ఒక్కటే మిగిలిందని. ముందూ వెనకా ఆలోచించకుండా అనేశాను: సరే, ఆయన్ని కూడా తీసుకురండి.

అంతే, పాలెం లేచింది. పెట్టెను ట్రాక్టరెక్కించి, పిల్లల్ని చంకనేసుకుని, మేకల్ని తోలుకుంటూ అందరూ దాని వెనకే నడిచారు. పొద్దుట్నుంచీ దండోరాకు కదలని ఊరు ఒక్క మాటకు కదిలిందని నేను సంబరపడ్డాను. ఆ సంబరం షెల్టరు దాకే.

తుపాను షెల్టరు స్తంభాల మీద కట్టిన భవనం. కింద అంతా ఖాళీ, ఉప్పెన నీళ్లు పారిపోవడానికి. పైన ఒకే పెద్ద హాలు, ఆ హాల్లోంచే డాబా మీదికి మెట్లు. పక్క పట్టపుపాలెం మత్స్యకారులు అప్పటికే హాలెక్కి వంట మొదలుపెట్టారు. వీఆర్వో పరుగున కిందికి వచ్చాడు. “శవం పైకొస్తే మేం దిగిపోతామంటుండారు సార్.” పొయ్యి వెలిగిన చోటికి, పసిబిడ్డలున్న చోటికి శవం గడప దాటి రాకూడదు. అది వాళ్ల కట్టు. పెట్టె లేకుండా మెట్టెక్కేది లేదని వీళ్లు వానలో నిలబడ్డారు. ఇంతవరకూ ఒక పాలెం ప్రాణాలకే భయపడ్డాను, ఇప్పుడు రెండు పాలేలయ్యాయి. ఆర్డీవో గారికి ఫోన్ చేస్తే, స్థానికంగా పరిష్కరించుకోండి అన్నారు. మా శాఖలో ఆ మాటకు అర్థం, నీ తిప్పలు నువ్వు పడు అని. రోడ్డు మీద ఏటి నీళ్లు కనిపిస్తున్నాయి.

అప్పుడు పట్టపుపాలెం పెద్దకాపు, అంటే వాళ్ల ఊరిపెద్ద, పోలయ్య కిందికి దిగాడు. నా వైపు చూడనైనా చూడలేదు. పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి, తలెత్తి డాబా వైపు చూశాడు. “గడప దాటకూడదు. అంతే మా మాట. గోడ మీదుగా పోతే మాకేంది?” అన్నాడు.

డాబా మీద మెట్ల గది ఉంది, తలుపుతో సహా. పోలయ్య మనుషులు పడవ తాళ్లు, ఒక పాత వల తెచ్చారు. పెట్టెను టార్పాలిన్‌లో చుట్టి, దాని మీద వల బిగించి, కిందినుంచి రెండు తాళ్లతో ఏసోబు మనుషులు నిలదొక్కుతుంటే, పిట్టగోడ మీదినుంచి మత్స్యకారులు లాగారు. సగం దూరం బాగానే పోయింది. అంతలో ఒక గాలి విసురుకు పెట్టె గిర్రున తిరిగి గోడకు కొట్టుకుంది. కింద తాడు ఒకటి చేతుల్లోంచి జారింది. ఏసోబు కళ్లు మూసుకున్నాడు. అది జారిపడితే ఈ రెండు ఊళ్లకూ నేను మొహం చూపించలేననుకున్నాను. పైనుంచి పోలయ్య, “వొదలొద్దురా! పంతులయ్యరా!” అని కేక పెట్టాడు. ఎవరో ఆ తాడును ఎగిరి అందుకున్నారు. పెట్టె పిట్టగోడ దాటింది. దాన్ని మెట్ల గదిలో పెట్టి తలుపేశారు.

ఆ తర్వాతే వీళ్లు మెట్లెక్కారు. చీకటి పడకముందే తుపాను తీరం దాటింది. కిటికీ రెక్కలు ఊడాయి, హాల్లో పిల్లలు ఏడుస్తున్నారు, కింద స్తంభాల మధ్య నీళ్ల హోరు. చెప్పడానికి సిగ్గెందుకు, భయమేసి గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. అప్పుడు ఏసోబు లేచి సాక్ష్యం మొదలుపెట్టాడు. ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. పంతులయ్య చింతబరికెతో కొట్టేవాడని, కొట్టినరోజు ఇంటికొచ్చి అన్నం తిన్నావా అని అడిగేవాడని. ఇన్నేళ్లున్నా సముద్రమంటే భయమని, పడవెక్కమంటే ఏదో ఒక పని చెప్పి తప్పించుకునేవాడని. ముసలమ్మ చెప్పింది, ఆయనకు పాటల రాగం అస్సలు పట్టుపడేది కాదట. ఆయన ఒక్కడే తప్పు పాడితే బాగుండదని సంఘమంతా ఆయన రాగంలోనే పాడటం నేర్చుకుందట. “పట్నంలో మమ్మల్ని చూసి నవ్వతారు. నవ్వనీలే” అంది. అలాగే పాడారు కూడా.

పాట అయ్యాక మూలనుంచి పోలయ్య, “మావోడికి లెక్కలు రావని రోజూ మా గుడిసె కాడికొచ్చి కూర్చునేటోడు. వాడికి లెక్కలు రాలా. ఈయన రావడం మానలా” అన్నాడు. హాల్లో నవ్వారు. నేనూ నవ్వాను. లేచి, పైకి తెచ్చుకున్న సెట్ దగ్గరికి వెళ్లి, కంగారులో అప్పటిదాకా మరిచిపోయిన మాట చెప్పాను, తరలింపు పూర్తయిందని.

పాస్టరు గారు చేరాక, పంతులయ్యను ఎత్తైన ఇసుకదిబ్బ మీద భూస్థాపన చేశారు. మేం తిరిగి వెళ్లి చూస్తే పాలెంలో ఒక్క గోడ మిగల్లేదు. గుడి పైకప్పు ఏటి అవతల దొరికింది.

మరుసటి ఏడు మళ్లీ తుపాను వచ్చింది. ఈసారి దండోరాకు ముందే వీఆర్వోలను ఇల్లిల్లూ తిప్పాను: ఎవరైనా పోయారా, ఎవరైనా కానుపుకు ఉన్నారా, మంచం మీద ఉన్న ముసలివాళ్లెవరు, మీరు వదిలి రాలేని మనిషి ఎవరు. మొదటి బండి ఆ మనిషి కోసం పంపాను. మిగతావాళ్లను బతిమాలాల్సిన పని రాలేదు. తరలింపు ఉత్తర్వుల్లో మేకల గురించి ఉంటుంది, కోళ్ల గురించి కూడా ఉంటుంది. చనిపోయినవాళ్ల గురించి ఒక్క మాట లేదు. ఉండాలి.