తెలుగులో చెప్పిన చావు కబురు

2009 చలికాలానికి ఎమర్జెన్సీ మెడిసిన్ రెసిడెన్సీలో నాకు రెండో ఏడాది. షికాగోలోని మా పెద్దాసుపత్రి నుంచి ఒక నెల నేపర్‌విల్ పక్కనున్న చిన్న ఆసుపత్రికి పంపారు. అప్పటికే బాగా అలసిపోయి ఉన్నాను. కూర్చుంటే లేవబుద్ధయ్యేది కాదు. అన్నం తింటూ తింటూ ఏ కూర కలుపుకున్నానో మరిచిపోయేదాన్ని.

గొంతులో గొట్టం వేయడం, ఛాతీ నొక్కడం బొమ్మల మీద నేర్చుకున్నాం. చావు కబురు చెప్పడం నేర్పడానికి మాత్రం ఒక నటిని పిలిపించారు. ఆవిడ చనిపోయినవాడి భార్యలా కూర్చునేది. మేం ఒక్కొక్కరం వెళ్ళి చెప్పాలి. రెండు ఆసుపత్రుల్లోనూ డ్యూటీ చేస్తూ మాకు నేర్పే సీనియర్ డాక్టరమ్మ పక్కన నిలబడి వినేది. “ఇక లేరు”, “మనల్ని విడిచి వెళ్ళారు” లాంటి మాటలకు ఆవిడ ఒప్పుకునేది కాదు. ఆశ ఉన్న మనిషి వాటిని ఇంకోలా వింటుందట. “డైడ్” అనే మాటే అనాలి, అన్నాక నోరు మూసుకుని కూర్చోవాలి. ఇంగ్లీషులో ఆ పాఠం నాకు బాగానే వచ్చింది.

ఒక మధ్యాహ్నం అంబులెన్స్‌లో డెబ్బై దాటిన పెద్దాయనను తెచ్చారు. ఇంటి ముందు మంచు ఎత్తిపోస్తూ పడిపోయారట. గుండె ఆడటం లేదు. వంతులవారీగా ఛాతీ నొక్కుతున్నాం. నర్సు ప్యాంటు కత్తిరిస్తూ నడుముకున్న నల్లదారం చూసి, ఇదేమిటి, తీసేయాలా అని అడిగింది. మొలతాడు. అప్పుడు గాని ఆయన ముఖంకేసి సరిగా చూడలేదు. ఉండనివ్వమన్నాను.

నా వంతు చాలాసార్లు వచ్చింది. చివరికి డాక్టరమ్మ మా అందరి వైపూ చూసి, ఇంకేమైనా చేయగలమా అని అడిగింది. ఆపేశాం.

ఆయన భార్య బయట గదిలో ఉందనీ, నన్నే చెప్పమనీ, తను పక్కనే ఉంటాననీ డాక్టరమ్మ అంది.

పెద్దావిడ నైటీ మీద పెద్ద కోటు తొడుక్కుని, స్నో బూట్లతో కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేచి, నా బ్యాడ్జి మీది పేరు చదివింది.

“తెలుగమ్మాయివేనా? అంకుల్‌కి ఎలా ఉందమ్మా? కళ్ళు తెరిచారా?”

నేను సిద్ధం చేసుకున్నది ఇంగ్లీషు వాక్యం, ఇప్పుడు తెలుగులో చెప్పాలి. పోయారు, దక్కలేదు, కాలం చేశారు. చిన్నప్పటి నుంచీ మా ఇంట్లో విన్న మాటలన్నీ అలాంటివే. ఆవిడను కూర్చోబెట్టి ఎదురుగా కూర్చున్నాను.

“ఆంటీ, అంకుల్ గుండె ఆగిపోయింది. చాలాసేపు ట్రై చేశాం. అంకుల్ చనిపోయారు.”

ఆవిడ డాక్టరమ్మ వైపు చూసింది. భాష రాకపోయినా డాక్టరమ్మ తల ఊపింది.

తర్వాత ఆంటీ నెమ్మదిగా చెప్పుకొచ్చింది. మంచు తీసేవాళ్ళు వస్తారు, కాసేపాగమందట. కారు బయటికి రాదని ఆయనే పార పట్టుకుని వెళ్ళారట. ఛాతీ నొక్కింది ఎవరని అడిగింది. నేనూ ఉన్నానన్నాను. నా చేయి తన చేతిలోకి తీసుకుంది.

“చేతులు నొప్పెట్టాయా తల్లీ?”

ఆయన బాధపడ్డారా అని అడిగితే ఏం చెప్పాలో, చూడాలంటే ఎలా తీసుకెళ్ళాలో నేర్పారు. ఈ ప్రశ్నకు జవాబు ఎవరూ నేర్పలేదు. లేదాంటీ అన్నాను. అప్పటికే ఏడుస్తున్నాను.

దూరంగా శాన్ రామన్‌లో ఉన్న కూతురికి చెప్పడం తన వల్ల కాదంది. నేనే ఫోన్ చేశాను. ఆ అమ్మాయి ఇంగ్లీషులో మాట్లాడింది. “డైడ్” అనే మాట నా నోట తడబడకుండా వచ్చింది. అవతల ఆ పిల్ల కూలబడిన చప్పుడు వినపడుతుంటే, అంత తేలిగ్గా అనగలిగినందుకు నాకే ఎలాగో అనిపించింది. ఆంటీని ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. దుప్పటి సరిచేసి, ఆయన కాళ్ళు చల్లగా ఉన్నాయని సాక్సులు అడిగింది. తెచ్చిచ్చాను.

డాక్టరమ్మ పది నిమిషాలు కూర్చుని రమ్మంది. కూర్చుంటే మళ్ళీ లేవలేనని వెళ్ళలేదు. పక్క గదిలో చీలమండ బెణికినాయన ఇంతసేపా అని విసుక్కున్నాడు. సారీ చెప్పి ఆయన కాలు పట్టుకుని చూశాను.

డ్యూటీ అయ్యాక ఇంటికి డ్రైవ్ చేశాను. గరాజ్‌లో ఇంజన్ ఆపాక కారు దిగడానికి ఒళ్ళు సహకరించలేదు. మా ఆయన తలుపు తీసి, ఏమైందని అడిగాడు. ఏమీ లేదు, కాసేపుండి వస్తానన్నాను.