యేసుదాసు తాగుబోతు కాదు

సాయంత్రం ఆరు కావస్తోంది. పొద్దున్నుంచీ ముసురు. మధ్యాహ్నం తిన్న చద్దన్నం ఎప్పుడో అరిగిపోయి నా కడుపు కాలుతోంది. జోగారావు గారి తోటలో కొబ్బరి దింపు ముగించి నేనూ యేసుదాసూ ఊళ్లోకి నడుస్తున్నాం. దారి పక్కన ట్రాక్టర్ తొట్టి ఆపి ఉంది. అంత పెద్ద తొట్టిని గుద్దుకుని యేసుదాసు బురదలో పడ్డాడు. టీ బడ్డీ దగ్గరివాళ్లు నవ్వారు.

"ఏటి దాసు బావా, మీ చర్చిలో ఇయ్యాల సారా పోసినారేటి?" అన్నాడొకడు.

"పోసినారు. మీకు మిగల్చకుండా నానే తాగీసినాను," అన్నాడు యేసుదాసు, మోకాలు తుడుచుకుంటూ.

ఆ హాస్యమే అతని కొంప ముంచింది.

యేసుదాసుది నా ఈడే. చెట్టెక్కేది అతను, కింద కాయలు ఏరి బస్తాలకెత్తేది నేను. ఇరవై ఏళ్లు అలాగే పనిచేశాం. తిత్లీ తుఫానుకి పడిపోగా మిగిలిన చెట్లలో చాలావాటికి నడినెత్తి మొవ్వు పాడైపోయింది. వాటి తలలు శుభ్రం చేసి మళ్లీ కాపుకి తెచ్చినవాడు అతనే. గెల నరికే ముందు "కింద ఎవులు?" అని కేకేసేవాడు. "ఎవులూ నేరు" అని నేను అంటేనే కత్తి లేచేది. నేను దగ్గుతూ ఆలస్యం చేసినా పైన ఊరికే కూర్చునేవాడు. అన్నేళ్లలో అతని చెట్టు కింద ఒక్క మనిషికీ గీత పడలేదు.

వాళ్లది తాతల నాటి నుంచి బాప్టిస్టు కుటుంబం. సారా వాసన కూడా ఎరగడు. కానీ సాయంత్రం ప్రార్థన నుంచి వస్తూ రెండుసార్లు కాలవలో పడ్డాడు. పక్కనుంచి పలకరిస్తే పలికేవాడు కాదు. టీ బడ్డీ మాట కూడా చర్చికి చేరింది. తాగినవాడు ప్రభు బల్లలో చెయ్యి వెయ్యకూడదని సంఘం అతన్ని ఆపేసింది. నెలనెలా మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం పంచుతుంటే వెనక వరసలో చేతులు కట్టుకుని కూర్చునేవాడట. ఆ సంగతి చెప్పింది అతని భార్య జీవరత్నమ్మ.

"ఎల్లాజీ అన్నా, నువ్వైనా ఆసుపత్రికి తీసికెల్లు. ఈ మడిసికి ఏటో అవుతన్నాది," అంది.

మా ఉద్దానంలో మనిషికి ఏం జరిగినా ముందు గుర్తొచ్చేది కిడ్నీ. పలాస తీసుకెళ్లి క్రియాటినిన్ పరీక్ష చేయించాను. బాగుందన్నారు. ఆరు నెలలాగి మళ్లీ చేయించాను. అదీ బాగుందన్నారు. ఇద్దరం పకోడీలు తిని, ఏమీ లేదనుకుని సంబరంగా ఇంటికొచ్చాం. కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాలని ఇద్దరికీ తోచలేదు. ఏడాది అలా పోయింది.

చివరికి టెక్కలిలో ఒక కళ్ల డాక్టరమ్మ చూసి విశాఖపట్నం పంపించింది. అక్కడ ఒక మిషన్‌లో తల పెట్టించి, వెలుగు చుక్క కనిపించినప్పుడల్లా మీట నొక్కమన్నారు. యేసుదాసు చాలా తక్కువ సార్లు నొక్కాడు. కాగితం వచ్చింది. అంతా నలుపు, నడిమధ్యన పావలా బిళ్లంత తెలుపు.

డాక్టరు నిదానంగా చెప్పాడు. కంటి వెనక పలచటి పొర ఉంటుంది, అందులో వెలుతుర్ని పట్టుకునే కణాలు కోట్ల కొద్దీ ఉంటాయి, ఇతనికి అవి చచ్చిపోతున్నాయి. చీకట్లో పనిచేసేవి ముందు పోయాయి. చూపు అంచుల నుంచి మధ్యకి తగ్గుకుంటూ వస్తుంది. ఏ కొద్దిమందికో వచ్చే జబ్బట. పేరు పెద్దది, ఆర్పీ అంటే చాలన్నాడు. అద్దాలకీ ఆపరేషన్‌కీ లొంగదు.

"చిన్నప్పుడు చీకట్లో తడబడేవాడివా?" అని అడిగాడు.

"అందరికీ అలగే ఉంటాదనుకున్నాను బాబూ," అన్నాడు యేసుదాసు.

తిరుగు బస్సులో నేను గొణుగుతూనే ఉన్నాను. "ఈ కాయితం అట్టుకెల్లి పాస్టరు గారికి సూపించు. నీ పేరు కడిగీసినట్టవుద్ది."

"తాగుబోతుని సెట్టెక్కిత్తారు బావా. గుడ్డోడిని ఎక్కిత్తారేటి?"

నేను కాగితం మడిచి అతని జేబులో పెట్టాను.

"పైకెల్తే నాకు సెట్టు ఎదురుగానే ఉంటాది. పక్కలు నువ్వు సూడు," అన్నాడు.

అలా ఏడాదిన్నర గడిచింది. తాగుబోతు పేరు మోస్తూనే రోజుకి ముప్పై చెట్లు ఎక్కాడు. ఎవరు ఎగతాళి చేసినా నవ్వేవాడు. మొదటి ఆదివారం వెనక వరసలో కూర్చోవడం మాత్రం మానలేదు.

మొన్న శ్రావణంలో ఒకరోజు జోగారావు గారి తోటలోనే ఉన్నాం. నేను వంగి బస్తా మూతి కుడుతున్నాను. పైనుంచి "కింద ఎవులు?" అని కేక. తల ఎత్తకుండానే "ఎవులూ నేరు" అన్నాను. ఎండు మట్టలు ఏరుకోవడానికి మా ఊరి రాజులమ్మ పక్కదారిన వచ్చింది. గెల ఆమెకి మూరెడు దూరంలో పడింది. ఆమె కూలబడిపోయింది.

జోగారావు గారు పరుగున వచ్చారు. "పొద్దున్నే ఏసీసినావేటిరా?"

"నానే సెప్పకుండా ఒచ్చీసినాను బాబూ," అంది రాజులమ్మ.

యేసుదాసు దిగి వచ్చాడు. తలొంచుకుంటే నాలుగు తిట్లతో పోయేది. నేను చూడకుండా జవాబిచ్చానని చెప్పినా పోయేది.

"తాగనేదు బాబూ. తాగుడు నాకు తెల్దు. నాకు పక్కలు అగపడవు. డాక్టరు సెప్పినా దాసీసినాను. ఈ తల్లి బతికింది, అదే సాలు. ఇంక ఎక్కను," అన్నాడు.

నా మాట ఎత్తలేదు. నేనూ నోరు విప్పలేదు.

ఆ మాట ఊరంతా పాకింది. శనివారం మధ్యాహ్నం పాస్టరు ప్రదీప్ కుమార్ మా ఇంటికొచ్చారు.

"ఎల్లాజీ, రేపు మొదటి ఆదివారం. దాసు గారిని బల్లకి రమ్మని పిలవాలి. అడక్కుండా అనీసినాం. నువ్వూ రా, నా ఒక్కడికి మొహం చెల్లట్లేదు."

మొహం చెల్లనిది నాకే ఎక్కువని ఆయనకి తెలీదు. దారి పొడుగునా నా తప్పు ఎలా చెప్పాలో మాటలు కూర్చుకున్నాను. వెళ్లేసరికి తలుపుకి తాళం. తెల్లారగట్ల ఆలుమగలిద్దరూ రెండు సంచులతో పలాస బస్సెక్కారని పక్కింటివాళ్లు చెప్పారు. ఎక్కడికో ఎవరికీ చెప్పలేదు. పాస్టరు గారు అరుగు మీద కూర్చుండిపోయారు.

"నీకూ సెప్పనేదా?" అని అడిగారు.

"నేదండి," అన్నాను. ఆ తర్వాత, బస్తా కుడుతూ తల ఎత్తకుండా జవాబిచ్చింది నేనేనని మొదటిసారి ఆయనకి చెప్పాను.