ఎర్ర బటన్ లాగినాక

పాకాల జంక్షన్‌లో రైలు కోసం కూర్చుని ఫోన్‌తో తగువాడుతున్నాను. మామిడి గుజ్జు తీసే యంత్రాన్ని నడిపే కంట్రోలర్‌కు ఏఐ చేత ప్రోగ్రాం రాయిస్తున్నాను. ఒకటి దిద్దమంటే ఇంకొకటి చెడగొట్టి, క్షమించమంటుంది. గ్రంథాలయంలో చదివి ఈ విద్య నేర్చుకున్న నాకే పాఠం చెబుతుంది. నాలుగోసారికి, ఇక ఉన్నది చాలు, ఇలాగే ఇచ్చేద్దామనిపించింది.

పక్కన కూర్చున్న పెద్దావిడ నా గొణుగుడంతా విన్నది. తానూ గుజ్జు ఫ్యాక్టరీలోనే పనిచేస్తానంది.

"ఎర్ర బటన్ నొక్కితే మిషను నిలిచిపోతాది గదా నాయనా. దాన్ని పైకి లాగితే?"

ప్రోగ్రాం చూసి, "మళ్ళీ తిరుగుతుందమ్మా," అన్నాను విసుగ్గా.

"దానంతట అదేనా? టెంక ఇరుక్కుంటే మేము బటన్ నొక్కి లోపల చెయ్యి పెడతాము. ఎవురు నిలబెట్టినారని మేస్త్రీ అరుసుకుంటా వచ్చి లాగేస్తాడు. నీ ఫోనుకు మా మేస్త్రీ సంగతి తెలుసునా?"

బటన్ లాగినంత మాత్రాన యంత్రం కదలకూడదని నేను చదివిన పుస్తకంలోనే ఉంది. ఎవరు లాగుతారో, అప్పుడు లోపల ఎవరి చెయ్యి ఉంటుందో అందులో లేదు.

ఆవిడ సంచి తీసుకుని కాట్పాడి బండి ఎక్కింది. కాసేపటికి నా తిరుపతి రైలు కూడా వచ్చి వెళ్ళిపోయింది. నేను బెంచీ మీదే కూర్చుని, ప్రోగ్రాం మొదటి వరుస నుంచి చదువుతున్నాను.