ఇలకూర గంప

రెబెక్కమ్మ పోయి ఏడాది కావస్తోంది. మైపాడు దారిలోని ఆ పల్లెలో ఆమె మాట వస్తే ఇప్పటికీ అందరూ ముందు ఆమె వేలినే తలుచుకుంటారు. బావి గానీ కాలువ గానీ, ఎక్కడ నీళ్ళు కనిపించినా చూపుడువేలు ముంచి నాలుకకు తాకించేది. మంచినీళ్ళో ఉప్పునీళ్ళో తేల్చుకున్నాకే అక్కణ్ణించి కదిలేది.

ఆ అలవాటు ఆమెకు తన అరెకరం నేర్పింది. చుట్టూ రొయ్యల గుంటలు తవ్వాక ఉప్పు ఊటగా దిగి, భర్త పోతూ వదిలి వెళ్ళిన ఆ నేల తెల్లగా పొర కట్టింది. ఏడేళ్ళు వరి వేసింది. ఏడేళ్ళూ పైరు ఎర్రబడి మాడిపోయింది. అంతకన్నా ఎక్కువగా ఆమెను కోసింది చర్చిలో కోతపండుగ. ఆ ఆదివారం ప్రతి ఇంటివాళ్ళూ సొంత చేలో పండినదాన్ని తెచ్చి బల్ల ముందు పెడతారు. రెబెక్కమ్మ మాత్రం బజారులో కొన్న గుమ్మడికాయ పెట్టేది. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అయినా వచ్చి చాప మీద కూర్చునేదాకా ఆమె తల ఎత్తేది కాదు. ఎనిమిదో ఏడు, ఈసారి సొంత నేలది ఏదైనా ఉంటేనే పోతాను, లేకుంటే గడప దాటనని కోడలు డెబోరాతో చెప్పేసింది.

పండుగ పది రోజులు ఉందనగా, చర్చి ఆడవాళ్ళు వెంకటాచలం ఊరి అవతల కొత్తగా తెరిచిన వినోదాల పార్కుకు బస్సు కట్టించుకున్నారు. డెబోరా అత్తను బలవంతాన ఎక్కించింది. అక్కడ జెయింట్ వీల్ వైపు రెబెక్కమ్మ కన్నెత్తి చూడలేదు. ‘రేపటి సేద్యం’ అన్న బోర్డు కింద మాత్రం పడవ ఎక్కి కూర్చుంది.

గెడ లేదు, తెడ్డు లేదు, మోటారు చప్పుడు లేదు. పడవ తనంతట తానే చీకటి గుహలోకి జారింది. రెబెక్కమ్మ వేలు కాలువలోకి వెళ్ళింది.

“చేతులు బయట పెట్టకూడదమ్మా,” అన్నాడు ముందు నిలబడిన గైడు శివశంకర్.

“మంచినీళ్ళే,” అంది ఆమె, అతనికి ధైర్యం చెబుతున్నట్టు.

గుహ దాటగానే కళ్ళు చెదిరే వెలుగు. ఆకాశమంత అద్దాల కప్పు. దాని కింద ఎక్కడా మట్టి లేదు. పాలకూర వేళ్ళు ముసలాయన గడ్డంలా గాలిలో వేలాడుతుంటే, వాటి మీద మంచులాంటి తుంపర పడుతోంది. టమేటా తీగలు తాళ్ళు పట్టుకుని తాటిచెట్టంత ఎత్తు పాకాయి. తలల మీద గుమ్మడికాయలు ఉయ్యాలల్లో ఊగుతున్నాయి. చేపల తొట్టి మురికినీళ్ళు గొట్టాల్లో పైకి పోయి, మొక్కల్ని తడిపి, తేటపడి మళ్ళీ చేపల దగ్గరికే వస్తున్నాయి. రెబెక్కమ్మ ప్రార్థనలో కప్పుకున్నట్టు తల మీదికి కొంగు లాక్కుంది.

“సృష్టిలో చెట్టూచేమా పుట్టిన మూడో దినం ఇట్టానే ఉండుంటాది మే,” అని కోడలి చెవిలో గొణిగింది.

చివరి గదిలో ఊదారంగు దీపాలు. సముద్రం పొంగి పొలాల మీదికొస్తే మనుషులు ఏం తినాలో ఇక్కడ వెతుకుతున్నామని, ఈ తొట్లలో ఉన్నవి అచ్చం సముద్రపు నీళ్ళేనని శివశంకర్ చెప్పాడు. పడవ ఒక తొట్టిని రాసుకుంటూ పోతుంటే, అంచు నుంచి కారే చుక్కకు రెబెక్కమ్మ వేలు పట్టి నాకి చూసింది. ఉప్పు. తన చేలో ఉప్పే. అప్పుడు మొక్కల వైపు చూసింది. సన్నటి, రసం నిండిన ఆకులు. కొసల్లో ఎరుపు.

“ఇది ఇలకూర గదా అబ్బయ్యా,” అంది. “కరువులో మా అమ్మ వండి పెట్టేది. మా చేలో ఎవురూ వేయకుండానే మొలుస్తాది. ఏడేళ్ళుగా పీకి గట్టున పారేస్తా ఉండా.”

“అయితే టికెట్లు దండగ చేసినామే. రెబెక్కమ్మ చేను చూసొచ్చినా సరిపోయేది,” అంది వెనక నుంచి ఆనందకుమారి. పడవంతా నవ్వింది.

శివశంకర్ నవ్వలేదు. “పీకబాకమ్మా,” అన్నాడు. “ఈ కాస్త మొక్క నిలబెట్టేదానికి మేం మూడేళ్ళు తిప్పలు పడినాం.”

పడవ ఒడ్డుకు చేరినా ఆమె లేవలేదు. డెబోరా రెక్క పట్టుకుని దించాల్సి వచ్చింది. ఊరు చేరాక ఇంట్లోకి పోకుండా నేరుగా చేనికి నడిచి, చెప్పులు విడిచి గట్టెక్కింది. చచ్చిపోయిందనుకుని ఆ ఏడు దున్నకుండా, పీకకుండా వదిలేసిన నేల ఈ మూల నుంచి ఆ మూల దాకా పచ్చగా, ఎర్రగా నిండి ఉంది. ఎవరూ నీళ్ళు పెట్టలేదు, విత్తనం చల్లలేదు. తల మీదికి మళ్ళీ కొంగు లాక్కుంది.

కోతపండుగ నాడు వరి కంకుల కట్టలు, అరటి గెలలు, నిమ్మకాయల బుట్టల మధ్య రెబెక్కమ్మ గంపెడు ఇలకూర దించింది. పాస్టరుగారు వంగి చూసి, ఇదేమిటమ్మా అని అడిగారు.

“మా చేలోదయ్యా,” అంది. తల ఎత్తుకునే వెనక్కి నడిచి, ఆడవాళ్ళ మధ్య కూర్చుంటూ, “వండేటప్పుడు ఉప్పు వేయబాకండి,” అని చెప్పింది. “అది తెచ్చుకునే వచ్చింది.”