అందరూ మంచివాళ్ళుగా ఉన్నప్పుడే

నా చిన్నప్పుడు, కొత్తపేట నుంచి రాజమండ్రి వెళ్ళొస్తే ఊరంతా కబుర్లు అడిగే రోజుల్లో, మా తాతయ్య తన పెంకుటింటిని మా మేనత్త పేర వీలునామా రాసి కన్నుమూశారు. అత్తకి పెళ్ళి కాలేదు. ఆరేళ్ళు మంచంలో ఉన్న తాతయ్యని చూసుకున్నది ఆవిడే. మా నాన్న, పెదనాన్న ఆ కాగితం చదివి, కళ్ళు తుడుచుకుని, న్యాయమేనన్నారు. అక్కడితో అయిపోవలసింది. కానీ మేము క్రైస్తవులం. ఆ రోజుల్లో మావాళ్ళ వీలునామాని జిల్లా కోర్టు ఖాయం చేస్తేగాని చెల్లదని ప్లీడరు గారు చెప్పారు.

అత్త అర్జీ పెట్టింది. కొన్నాళ్ళకి కోర్టు బంట్రోతు వచ్చి, అభ్యంతరాలున్నవారు ఫలానా రోజు హాజరు కావాలని తాతయ్య ఇంటి గోడకి నోటీసు అంటించి వెళ్ళాడు. సాయంత్రానికల్లా ఆ ఇల్లు జప్తయిందని ఊళ్ళో పాకిపోయింది. పరామర్శకు వచ్చినవాళ్ళలో చదువుకున్నవాళ్ళూ ఉన్నారు గానీ, ఎవరూ నోటీసు చదవలేదు. ఏడుస్తుంటే అక్షరాలు కనబడవు కదా.

ఇంతలో పెదనాన్న వచ్చారు. "సొంత అన్నని కోర్టుకీడుస్తావా అమ్మాయ్! నా మాట చాలదేంటి నీకు?" అంటూ అరుగుమీద కూలబడ్డారు. కూలబడేముందు తువ్వాలు పరుచుకున్నారు లెండి.

అత్త ఆయన చేతికి మజ్జిగ ఇచ్చింది. "మీరున్నన్నాళ్ళూ చాలుద్దన్నయ్యా. రేపు మీ పిల్లలకి పెళ్ళిళ్ళవుతాయి, కొత్తోళ్ళొస్తారు. వాళ్ళకి నేనెవర్ని? ఇప్పుడు అందరూ మంచోళ్ళే. ఆ మంచితనం ఉండగానే కాగితం చేయించేసుకుంటానండి."

పెదనాన్న మజ్జిగ తాగారు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయారు. ఆయన అభ్యంతరం పెడితే అది దావా అయి ఏళ్ళు సాగుతుంది. అందాకా అత్తకి ఆ ఇల్లు ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు. ఆ వారమంతా ఆవిడ సరిగా అన్నం తినలేదు.

వాయిదా రోజున మేము రాజమండ్రి బస్సు దగ్గరికి వెళ్ళేసరికి పెదనాన్న ఇస్త్రీ చొక్కాతో ముందే నిలబడి ఉన్నారు. ఎందుకొచ్చారో అడిగే ధైర్యం ఎవరికీ లేదు. రావులపాలెం దాటాక అత్త క్యారేజీ విప్పి, మొదటి ముద్ద ఆయనకే పెట్టింది. కోర్టు వరండాలో గుమాస్తా "ఎదుటి పక్షం వచ్చారా అండీ?" అని అడిగాడు. "ఆయ్, వీరేనండి" అంటూ అత్త చూపించేసరికి, ఎదుటి పక్షం రెండోసారి పులిహోర తింటూ ఉంది.

లోపల జడ్జీగారు అభ్యంతరం ఉందా అని అడిగారు. పెదనాన్న గొంతు సవరించుకున్నారు. అత్త కళ్ళు మూసుకుంది. "లేదండి" అన్నారాయన. జీవితంలో ఆయన ఇచ్చిన అతి చిన్న ఉపన్యాసం అదే.

చాలా ఏళ్ళకి పెదనాన్న కోడలొకావిడ ఆ ఇంట్లో వాటా సంగతి కదిపింది. అత్త కోర్టు ముద్ర ఉన్న కాగితం చూపించి, భోజనం పెట్టి పంపింది. ఇద్దరి మధ్యా మాటలు ఆగిపోలేదు.

మొన్న మా పిల్లల్ని కూర్చోబెట్టి నా వీలునామా చదివి వినిపిస్తే, "మామీద నమ్మకం లేదా అమ్మా" అని నొచ్చుకున్నారు. ఉంది కాబట్టే ఇవాళ చదువుతున్నానన్నాను.