చేపల పులుసు, పెరుగు, నా చావు

ఆ రోజుల్లో నాకు అంకెల మీద ఉన్నంత నమ్మకం ఇప్పుడు వేసుకుంటున్న మందుబిళ్లల మీద కూడా లేదు. డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదివి, బందరులో కాంట్రాక్టు ఉద్యోగంలో చేరాను. ఊరూరా తిరిగి ఎవరింట్లో ఎవరు దేనివల్ల పోయారో అడిగి ఫారాలు నింపడం పని (పెళ్లిసంబంధాల వాళ్లకి మా అమ్మ ‘సర్వే ఆఫీసరు’ అని చెప్పేది). కృత్తివెన్నులో మా మేనమామ ఇంట్లో మకాం. నాన్న లేని నన్ను చదివించింది ఆయనే. మావయ్యకి షుగరు, కాలి మీద పుండు మానడం లేదు, అయినా పూటకి మూడుసార్లు అన్నం పెట్టించుకునేవాడు. ఆయన భయమల్లా చేపలు తిన్నాక పెరుగు పోసుకోవడం గురించే. పులుసు వండిన రోజు అత్తయ్య పెరుగు గిన్నెని ఫ్రిజ్‌లో వెనక్కి తోసి, ముందు సొరకాయ అడ్డం పెట్టేది.

“పెదపారుపూడిలో మా తోడల్లుడు అలాగే పోయాడ్రా. కళ్లారా చూశాను,” అనేవాడు మావయ్య. “నేను నింపిన ఫారాల్లో పెరుగుతో పోయినవాళ్లు ఒక్కళ్లూ లేరు మావయ్యా. షుగరుతో పోయినవాళ్లు ప్రతి వీధిలో ఉన్నారు,” అన్నాను. “షుగరు అందరికీ ఉంటుంది లేరా,” అంటూ కంచం ముందుకి జరిపాడు. ఆ కాలు చూస్తుంటే నాకు భయం వేసింది. అందుకే పందెం కట్టాను. ఆయన ముందే చేపల మీద పెరుగు తింటాను, రెండు రోజులు నాకేమీ కాకపోతే ఆయన రాత్రిపూట అన్నం మానాలి. “మీ అమ్మకి ఫోన్ చేసి మరీ తిను,” అన్నాడు మావయ్య.

మొదటి రోజు నిక్షేపంగా ఉన్నాను. రెండో రోజు ఎండలో తిరిగి తిరిగి, బస్టాండులో నల్లటి నూనెలో వేగిన బజ్జీలు నాలుగు తిన్నాను. సాయంత్రానికి వాంతులు, విరేచనాలు, చేతికి సెలైను. వీధి వీధంతా చూసిపోయింది. బజ్జీల వల్లే అని నీరసంగా మొత్తుకున్నాను. “ఆ బజ్జీలు రోజూ వందమంది తింటున్నారు కదరా, వాళ్లకేం కాలేదే!” అన్నాడు మావయ్య. జన్మలో ఆ ఒక్కసారే ఆయన లెక్క మాట్లాడాడు. ఆ రాత్రి అన్నం మామూలే.

నెల తర్వాత దివిసీమలో, పాలకాయతిప్ప దగ్గర ఒక మామ్మ నా ఫారం చూసి నిట్టూర్చింది. “కృత్తివెన్నులో ఇలాగే సర్వేకొచ్చిన కుర్రాడు చేపల్లో పెరుగు పోసుకుని పోయాడంట బాబూ. పెళ్లన్నా కాలేదంట.” “అది నేనే మామ్మా, పోలేదు,” అన్నాను. “నీకేం తెలుసు బాబూ, మా అల్లుడు కళ్లారా చూశాడు,” అంది. వాదించే ఓపిక లేక ఫారం మడిచి బస్సెక్కాను.

కొన్నేళ్లకి మావయ్యకి ముందు కాలు తీసేశారు, తర్వాత ఆయనే పోయాడు. “ఎంత పథ్యంగా ఉండేవారురా! చేపల మీద ఒక్కనాడూ పెరుగు ముట్టలేదు,” అని అత్తయ్య నా భుజం మీద పడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆవిడతో అంకెలు మాట్లాడలేదు.

ఇప్పుడు నాకూ షుగరే. చేపల పులుసు రోజున మా ఆవిడ పెరుగు ఫ్రిజ్‌లోంచి బయటికి తీయదు, నేనూ అడగను. ఆ సర్వే కుర్రాడు ఎదురుగా కూర్చుని నా కంచంలో అన్నం వైపు వేలు చూపిస్తున్నట్టే ఉంటుంది. నవ్వుకుని, ఇంకొంచెం అన్నం పెట్టమంటాను.